నిలిచిన బండి, తరిగే ఛార్జి: మట్టెవాడ నుంచి చూసిన బ్యాటరీ నిల్వ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సీసం–ఆమ్ల బ్యాటరీని వాడకుండా నిలిపి ఉంచినా అది లోలోపల ఛార్జి కోల్పోతూనే ఉంటుంది. ఆ నష్టాన్ని అరికట్టే పద్ధతులు చలిదేశాల్లో ‘శీతకాలపు నిల్వ’ అన్న పేరుతో రూపుదిద్దుకొని, వాహనాల చేతిపుస్తకాల ద్వారా మన దేశానికి చేరాయి. వరంగల్ వంటి ఉష్ణప్రాంతంలో బ్యాటరీకి అసలు గండం చలికాలం కాదు, ఎండాకాలం. ఈ తలకిందులైన ఋతుక్రమాన్ని మట్టెవాడ కేంద్రంగా పరిశీలించి, రైలు పెట్టెల కాలం నుంచి 2020 లాక్‌డౌన్ వరకు బ్యాటరీ సంరక్షణ ఎలా మారిందో వివరించడం ఈ వ్యాసం లక్ష్యం. చేతిపుస్తకాల్లో చోటు దక్కని స్థానిక జ్ఞానాన్ని చరిత్రకు ఆధారంగా గుర్తించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మట్టెవాడ, వరంగల్, సీసం–ఆమ్ల బ్యాటరీ, స్వయం ఉత్సర్గం, రోడ్డు రవాణా, సంరక్షణ చరిత్ర, వృత్తి పదజాలం.

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్ర రచనలో ఆవిష్కరణకు దక్కినంత చోటు సంరక్షణకు దక్కలేదు. డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువరించిన ‘ద షాక్ ఆఫ్ ద ఓల్డ్’ గ్రంథం ఈ లోటును బలంగా ఎత్తిచూపింది. ఏ యంత్రం ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్నతో పాటు, అది ఎవరి చేతుల్లో ఎంతకాలం పనిచేసింది, ఎవరు బాగుచేశారు అన్న ప్రశ్నలను కూడా చరిత్రకారులు అడగాలని ఆ గ్రంథం వాదించింది. తెలుగులో రవాణా చరిత్రను గురించి వచ్చిన రచనలు ప్రధానంగా సంస్థల స్థాపనను, మార్గాల విస్తరణను, కార్మికోద్యమాలను చర్చించాయి. వాహనం కదలనప్పుడు దానికి ఏమవుతుందన్న విషయం వాటి పరిధిలోకి రాలేదు.

ఈ ప్రశ్నకు మట్టెవాడ అనువైన పరిశీలనా స్థలం. వరంగల్ పాత పట్టణంలోని ఈ పేటలో ఇళ్లూ చిన్న వ్యాపారాలూ కలిసే ఉంటాయి. నగరానికి రైలు మార్గమూ బస్సు మార్గాలూ ఉన్నాయి. ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టుకు పత్తి, మిర్చి వచ్చే కాలంలో చుట్టుపక్కల మండలాల ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు వరంగల్ దారులను నింపుతాయి. ఆ కాలం గడిచాక అదే బండ్లలో చాలా భాగం ఇంటి ముందో చింతచెట్టు కిందో నిలబడిపోతాయి. పంట కాలం, బడి కాలం, ఎండ కాలం కలిసి వాహనాల విరామాన్ని నిర్ణయించే ప్రాంతం ఇది. అందువల్ల బ్యాటరీ నిల్వ అనే చిన్న సాంకేతిక విషయం ఇక్కడ జీవనోపాధికి సంబంధించిన విషయంగా మారుతుంది.

2. ‘శీతకాలపు నిల్వ’ అనే భావన పుట్టిన తీరు

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో మళ్లీ మళ్లీ ఛార్జి చేయదగిన సీసం–ఆమ్ల ఘటాన్ని రూపొందించాడు. 1881లో కమీల్ ఫోర్ సీసపు ఆక్సైడును ముద్దగా చేసి పలకలకు పూసే పద్ధతిని కనుగొన్నాడు. దానితో బ్యాటరీ పరిశ్రమకు దారి ఏర్పడింది. మెత్తని సీసానికి గట్టిదనం ఇవ్వడానికి ఆంటిమొనీని కలపడం కూడా ఆ కాలంలోనే మొదలైంది. 1882లో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనే శాస్త్రవేత్తలు, బ్యాటరీ ఛార్జి కోల్పోయేటప్పుడు రెండు రకాల పలకలపైనా సీసపు సల్ఫేటే ఏర్పడుతుందని వివరించారు. నిల్వ చరిత్రకు ఈ వివరణే మూలం. ఛార్జి తగ్గిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ఈ సల్ఫేటు సన్నని పొరగా ఉండక పెద్ద స్ఫటికాలుగా గట్టిపడుతుంది. తరువాత ఎంత ఛార్జి పెట్టినా అది పూర్తిగా కరగదు. మెకానిక్కులు ‘ప్లేట్లు తెల్లబడ్డాయి’ అనేది ఈ స్థితినే.

1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ అమర్చడంతో బ్యాటరీ మోటారు వాహనానికి విడదీయరాని అంగమైంది. అమెరికా ఉత్తర ప్రాంతాల్లో ఆనాటి కార్లలో చాలావరకు పైకప్పు లేనివి. మంచు కాలంలో వాటిని కొట్టాల్లో పెట్టి, బ్యాటరీలను విప్పి సంరక్షణ కేంద్రాలకు అప్పగించేవారు. అక్కడ రెండు పద్ధతులు ఉండేవి. ఆమ్లంతోనే ఉంచి అప్పుడప్పుడు ఛార్జి పెట్టడం తడి నిల్వ. పలకలను బయటికి తీసి ఆరబెట్టి, వసంతంలో తిరిగి కూర్చడం పొడి నిల్వ. ఆ దేశాల్లో భయం రెండు రకాలు. ఒకటి సల్ఫేటు గట్టిపడటం, రెండోది గడ్డకట్టడం. పూర్తి ఛార్జి ఉన్న బ్యాటరీలోని ఆమ్లం సున్నాకు దిగువన 60 డిగ్రీల ప్రాంతం వరకు గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో ఆమ్లం పలచబడి దాదాపు నీరుగా మారడం వల్ల, సున్నాకు దిగువన 10 డిగ్రీలు కూడా రాకముందే గడ్డకట్టి డబ్బాను పగలగొట్టగలదు.

తరువాతి కాలంలో ఈ జ్ఞానం సెలవు ప్రయాణాల నివాస వాహనాలకు, అంటే ఆర్‌.వి.లకు అన్వయమైంది. వాటిలో ఇంజను తిప్పడానికి ఒక బ్యాటరీ, దీపాలకూ పంపులకూ వేరొక బ్యాటరీ ఉంటాయి. వేసవి యాత్రలు ముగిశాక రెండింటినీ పూర్తిగా ఛార్జి చేసి, తీగలు విప్పి, వసంతం దాకా కాపాడటం ఆ యజమానుల వార్షిక విధి.

తెలుగువారికి నివాస వాహనం అనగానే 1982లో నందమూరి తారక రామారావు ఎన్నికల ప్రచారానికి వాడిన చైతన్య రథం గుర్తుకు వస్తుంది. పాత షెవర్లే వ్యానును మార్చి తయారుచేసిన ఆ వాహనాన్ని ఆయన కుమారుడు హరికృష్ణ నడిపారు. అది విహారం కోసం కాక పని కోసం తయారైన బండి. ఈ తేడా మన చర్చకు ముఖ్యం. చలిదేశాల చేతిపుస్తకం ఊహించుకున్న నిలిచిన వాహనం సెలవుల వస్తువు. వరంగల్ ప్రాంతంలో నిలిచిన వాహనం సాధారణంగా పని దొరకని పనిముట్టు.

3. నిజాం రాజ్యంలో బ్యాటరీ: రైలు, బస్సు, రేడియో

వరంగల్ ప్రాంతానికి పెద్ద ఎత్తున బ్యాటరీలను తెచ్చిన తొలి వ్యవస్థల్లో రైల్వేను పేర్కొనవచ్చు. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో ఇంగ్లండులో రూపొందిన స్టోన్ పద్ధతి ప్రకారం, రైలు పెట్టె ఇరుసు తిరిగినప్పుడు దానికి బెల్టుతో కలిపిన డైనమో విద్యుత్తును తయారుచేసేది. పెట్టె కింద అమర్చిన బ్యాటరీలు దానిని నిల్వచేసేవి. రైలు స్టేషనులో ఆగినప్పుడు దీపాలు వెలిగేది వాటితోనే. భారతీయ రైల్వేల్లో ఈ విధానం విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తికావడంతో కాజీపేట ఉత్తర దక్షిణాలను కలిపే కూడలిగా మారింది. యార్డులో రోజుల తరబడి నిలిచిన పెట్టెకు ఇరుసు తిరగదు, డైనమో పనిచేయదు, బ్యాటరీకి తిండి ఉండదు. అందుకే రైలు దీపాల సిబ్బందికి నిలిచిన పెట్టెల బ్యాటరీలను వేరుగా ఛార్జి చేసుకోవడం నిత్యకృత్యమైంది. నిలకడే నష్టమన్న సూత్రం ఆ విధంగా ఉద్యోగ విధుల్లో భాగమైంది.

రెండవది బస్సు. నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 1932 జూన్‌లో రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైంది. తొలినాటి బస్సులు బ్రిటన్‌లో తయారైన ఆల్బియన్ వాహనాలు. వాహనంతో పాటు దాని సంరక్షణ నియమాలు కూడా చలిదేశం నుంచే వచ్చాయి. అయితే ప్రభుత్వ బస్సు రోజూ తిరిగేది. ఇంజను తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ నిండుతూ ఉంటుంది. డిపోలో బ్యాటరీ గది, దానికి కేటాయించిన మనుషులు, పరీక్ష రాసిపెట్టే పుస్తకం ఉండటం రోడ్డు రవాణా నిర్వహణలో స్థిరపడిన పద్ధతి. 1951లో ఈ శాఖ హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా అవతరించింది. సంస్థాగత నిర్వహణ ఉన్నచోట బ్యాటరీ బతికింది. ఒంటరి యజమాని బండికి అటువంటి ఆసరా లేదు.

మూడవది రేడియో. 1935లో నిజాం ప్రభుత్వం చేపట్టిన దక్కన్ రేడియో ప్రసారాలను విద్యుత్తు లేని ఊళ్లలో వినాలంటే బ్యాటరీ తప్పనిసరి. వాల్వు రేడియోకు రెండు రకాల బ్యాటరీలు కావాలి. ఎక్కువ వోల్టుల పొడి బ్యాటరీ ఒకటి, వాల్వుల తీగలను వేడిచేయడానికి రెండు వోల్టుల సీసం–ఆమ్ల ఘటం మరొకటి. ఆ రెండో దానిని వాడకాన్ని బట్టి వారానికో పది రోజులకో ఒకసారి విద్యుత్తు ఉన్న పట్టణానికి మోసుకెళ్లి ఛార్జి పెట్టించుకోవలసి వచ్చేది. రేడియో ద్వారా ‘బ్యాటరీ ఛార్జింగ్’ అనే మాట మోటారు వాహనాలు లేని ఇళ్లకు కూడా చేరింది. 1960 దశకంలో ట్రాన్సిస్టర్ రేడియోలు వ్యాపించి ఆ ప్రయాణాలకు ముగింపు పలికాయి. కానీ డబ్బు తీసుకొని ఇతరుల బ్యాటరీని రాత్రంతా తన దగ్గర ఉంచుకొని నింపి ఇచ్చే దుకాణమనే ఏర్పాటు నిలిచింది. ఆ తరువాత ట్రాక్టర్లు, లారీలు, ఆటోలు దాని ఖాతాదారులయ్యాయి.

4. రోహిణి కార్తె రసాయనం

బ్యాటరీ దేనికీ కలపకపోయినా ఛార్జి కోల్పోతుంది. దీనిని స్వయం ఉత్సర్గం అంటారు. ఇది రసాయన చర్య కనుక ఉష్ణోగ్రతతో పాటు వేగం పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ నష్టం దాదాపు రెట్టింపవుతుందన్నది ఇంజనీర్లు వాడే స్థూల సూత్రం. పలకల సీసంలో ఆంటిమొనీ ఎక్కువగా ఉండే పాత తరహా బ్యాటరీ వేడిలో రోజుకు సుమారు ఒక శాతం వరకు కోల్పోగలదు.

ఇప్పుడు ఋతువులను ఎదురెదురుగా నిలిపి చూడాలి. సున్నా డిగ్రీల దగ్గర కొట్టంలో ఉన్న బ్యాటరీకి గడ్డకట్టే భయం ఉన్నా, స్వయం ఉత్సర్గం చాలా నెమ్మదిగా సాగుతుంది. పూర్తి ఛార్జితో పెడితే నెలల తరబడి నిలుస్తుంది. చలి ఒకవైపు శత్రువు, మరొకవైపు మిత్రుడు. వరంగల్‌లో మే నెల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. ఎండలో నిలిచిన బండి బ్యాటరీ పెట్టెలో అది ఇంకా ఎక్కువ. ఇక్కడ గడ్డకట్టే భయం లేదు, కానీ తరుగుదలకు ఇంతకన్నా అనువైన కాలం లేదు. చలిదేశంలో మూడు నెలలకు సరిపోయే జాగ్రత్త ఇక్కడ మూడు వారాలకు కూడా చాలకపోవచ్చు.

సరిగ్గా ఈ కాలంలోనే అనేక వాహనాలు నిలిచిపోతాయి. ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులిస్తే జూన్ 12 ప్రాంతంలో తిరిగి తెరుస్తారు. అంతవరకు బడి బస్సులకు పని ఉండదు. యాసంగి వరికోతలు ముగిశాక కోత యంత్రం వానాకాలపు పంట కోతకు వచ్చే దాకా నిలబడే ఉంటుంది. యాసంగి పనులు అయిపోయిన ట్రాక్టరుకు మృగశిర కార్తెలో తొలకరి పడేదాకా పని పలచబడుతుంది. మే 25 ప్రాంతంలో మొదలయ్యే రోహిణి కార్తె రోళ్లు పగిలే ఎండకు పేరుపొందింది. తొలకరి పడిన మర్నాడు దుక్కి దున్నడానికి బయలుదేరిన రైతు తాళం తిప్పితే టక్కుమన్న చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. అదును పోతే సాగు వెనుకబడుతుంది. ఆనాటి ఉదయం బ్యాటరీ దిగిపోవడం వల్ల కలిగే నష్టాన్ని బ్యాటరీ వెలతో కొలవలేం.

వేడిప్రాంతాలకు తగినట్టు బ్యాటరీని మలచే ప్రయత్నాలు జరగకపోలేదు. చలిదేశాల్లో పూర్తి ఛార్జి వద్ద ఆమ్లపు సాపేక్ష సాంద్రత 1.280 ప్రాంతంలో ఉంటే, ఉష్ణప్రాంతాలకు 1.240 ప్రాంతంలో ఉంచడం ఆచారమైంది. గాఢత తగ్గితే సామర్థ్యం కొంత తగ్గుతుంది, కానీ పలకలు తినిపోవడం నెమ్మదిస్తుంది. గడ్డకట్టే భయం లేని నేలకు ఇది తగిన రాజీ. ఉష్ణోగ్రతను బట్టి హైడ్రోమీటరు అంకెలను సవరించుకోవాలి కూడా. భారతీయ ప్రమాణాలు 27 డిగ్రీలను ఆధారంగా తీసుకుంటాయి. 42 డిగ్రీల ఆమ్లంలో చూసిన అంకెకు సుమారు 0.010 కలిపితేనే అసలు స్థితి తెలుస్తుంది. విదేశీ చేతిపుస్తకంలోని అంకెను నేరుగా పోల్చి చూసినవారికి మంచి బ్యాటరీ కూడా పాడైనట్టు కనిపించే అవకాశముంది.

5. దుకాణపు మాట, చెక్క పలక

బ్యాటరీ సంరక్షణకు సంబంధించిన తెలుగు పదజాలం పాఠ్యపుస్తకాల్లో కన్నా దుకాణాల్లో ఎక్కువగా పెరిగింది. ‘బ్యాటరీ దిగిపోయింది’, ‘డౌన్ అయింది’, ‘సెల్ పోయింది’, ‘గ్రావిటీ చూడు’, ‘నీళ్లు పోయించు’, ‘ఎర్త్ తియ్’ వంటి మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క రోగనిర్ధారణ లేదా చికిత్స. ‘దిగిపోవడం’ తిరిగి ఎక్కించదగిన స్థితి. ‘సెల్ పోవడం’ ఆరు గదుల్లో ఒకటి శాశ్వతంగా చెడిన స్థితి. ఈ తేడాను గుర్తించగలగడమే వృత్తి నైపుణ్యం. పన్నెండు వోల్టుల బ్యాటరీని కొన్ని గంటలు కదపకుండా ఉంచి కొలిస్తే 12.6 వోల్టులు దాటడం నిండుదనానికి గుర్తు, 12.2 సగానికి గుర్తు, 12 కన్నా తక్కువ ఆకలికి గుర్తు. ఒక గది చెడితే సుమారు రెండు వోల్టులు ఒక్కసారిగా తగ్గుతాయి. మీటరు లేని కాలంలో హారను గొంతును బట్టీ దీపం మసకను బట్టీ ఇదంతా అంచనా కట్టేవారు.

‘ఎర్త్ తీయడం’ అంటే రుణధ్రువపు తీగను విప్పడం. ఎక్కువ కాలం నిలిపే బండికి ఇదే మొదటి జాగ్రత్త. దీని పక్కనే మరొక అలవాటు బలంగా కనిపిస్తుంది. రోజూ ఉదయం ఇంజనును ఒక నిమిషం తిప్పి ఆపేయడం. స్టార్టరు తీసుకున్న శక్తిని తిరిగి నింపడానికి ఆ నిమిషం చాలదు. ఇలా పదిరోజులు చేస్తే కొన్నిసార్లు చేయకపోవడం కన్నా ఎక్కువ నష్టం కలుగుతుంది. ఆదరంతో చేసిన పని హాని చేసే సందర్భమిది. స్థానిక జ్ఞానం విలువైనదని చెప్పేటప్పుడు దాని పొరపాట్లను దాచవలసిన అవసరం లేదు.

చెక్క పలక కథ ఇంకొక కోణాన్ని చూపుతుంది. బ్యాటరీని నేలమీద పెట్టరాదు, చెక్కమీదే పెట్టాలి, లేకుంటే నేల ఛార్జిని లాగేస్తుంది అన్న నమ్మకం మెకానిక్ దుకాణాల్లో నేటికీ వినిపిస్తుంది. ప్లాస్టిక్ డబ్బాల కాలంలో దీనికి ఆధారం లేదు. అయితే ఇది అర్థంలేని మాటగా పుట్టలేదు. తొలినాటి బ్యాటరీలు చెక్క పెట్టెల్లోనూ గట్టి రబ్బరు డబ్బాల్లోనూ ఉండేవి. ఆమ్లం చెమర్చి తడి నేలతో కలిస్తే విద్యుత్తు కారే అవకాశం నిజంగానే ఉండేది. డబ్బా మారినా జాగ్రత్త మారలేదు. కారణం కనుమరుగైన తరువాత కూడా మిగిలిన ఇటువంటి ఆచారాలు పాత సాంకేతికతకు మౌఖిక ఆధారాలు. శాసనంలో అరిగిన అక్షరాన్ని చదివినంత శ్రద్ధతో వీటిని చదవవచ్చు.

మన ఇళ్లలో అగ్గిపెట్టె అరుదుగా ఉన్న కాలంలో పొయ్యిలోని నిప్పును బూడిద కప్పి తెల్లవారేదాకా కాపాడేవారు. నివురు మరీ పలచనైతే నిప్పు కాలిపోతుంది, మరీ దట్టమైతే ఆరిపోతుంది. బ్యాటరీకి సన్నని ధారగా ఛార్జి పెట్టడంలోని మెలకువ కూడా ఇలాంటిదే. తక్కువైతే సల్ఫేటు గట్టిపడుతుంది, ఎక్కువైతే నీరు ఆవిరై పలకలు తినిపోతాయి. 25 డిగ్రీల వద్ద 13.5 వోల్టులు సరిపోయే పన్నెండు వోల్టుల బ్యాటరీకి 40 డిగ్రీల వద్ద సుమారు 13.2 చాలు. ఎండను లెక్కలోకి తీసుకోని ఛార్జరు వేసవిలో మేలు కన్నా కీడు ఎక్కువ చేస్తుంది. విద్యుత్ కోతల కాలంలో ఇళ్లలోకి వచ్చిన ఇన్వర్టర్లలో ఈ సమస్య స్పష్టంగా కనిపించింది. కోతలు తగ్గాక వాటి బ్యాటరీలు వాడకం లేకుండా నిత్యం ఛార్జికి తగిలించి ఉండిపోయాయి. నీళ్లు చూసేవారు లేక ఎండిపోయాయి.

6. కర్మాగారాలు మార్చినవి, మార్చనివి

బ్రిటన్‌కు చెందిన క్లోరైడ్ సంస్థ 1916లో భారతదేశంలో దిగుమతి వ్యాపారం ప్రారంభించింది. 1946లో బెంగాల్‌లోని శ్యామ్‌నగర్‌లో కర్మాగారం నెలకొల్పింది. అనేక పేర్ల మార్పుల తరువాత ఆ సంస్థే 1995లో ఎక్సైడ్ ఇండస్ట్రీస్ అయింది. తెలుగు ప్రాంతంలో 1977లో హైదరాబాద్ బ్యాటరీస్ లిమిటెడ్, 1985లో గల్లా రామచంద్ర నాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ ఈ రంగంలోకి వచ్చాయి. తిరుపతి సమీపంలోని కరకంబాడి కేంద్రంగా పనిచేసిన అమరరాజా తొలుత టెలిఫోను, రైల్వే వంటి సంస్థాగత అవసరాలకు మూతవేసిన బ్యాటరీలను తయారుచేసింది. 2000లో అమరాన్ పేరుతో వాహన బ్యాటరీల విపణిలో ప్రవేశించింది.

ఈ దశలో ముఖ్యమైన సాంకేతిక మార్పు ఆంటిమొనీ స్థానంలో కాల్షియం రావడం. సీసం–కాల్షియం మిశ్రమాన్ని 1935లోనే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో టెలిఫోను ఎక్స్‌ఛేంజీల కోసం అభివృద్ధి చేశారు. ఆ బ్యాటరీలు ఏళ్ల తరబడి ఆపద కోసం ఎదురుచూస్తూ నిలబడాలి. అంటే నిలిచి ఉండటమే వాటి పని. ఆ అవసరం నుంచి పుట్టిన మిశ్రమం దశాబ్దాల తరువాత వాహనాల్లోకి వచ్చి స్వయం ఉత్సర్గాన్ని నెలకు కొద్ది శాతానికి తగ్గించింది. నీళ్లు పోయవలసిన అవసరం కూడా బాగా తగ్గింది.

అయితే సంరక్షణ అక్కరలేదన్న హామీకి ఎదురుగా మరొక మార్పు వచ్చింది. పాత ట్రాక్టరు తాళం తీస్తే పూర్తిగా నిద్రపోయేది. నేటి వాహనం అలా నిద్రపోదు. గడియారం, నియంత్రణ కంప్యూటరు, దొంగల హెచ్చరిక పరికరం కొద్దికొద్దిగా విద్యుత్తు తాగుతూనే ఉంటాయి. 2019 జనవరి 1 నుంచి కొత్త ప్రజా రవాణా వాహనాలకు స్థాన నిర్దేశక పరికరం తప్పనిసరి అయింది. ఇవన్నీ కలిసి 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటాయనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్ గంటలు, నెలకు 36 ఆంపియర్ గంటలు అవుతాయి. 80 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఇది సగానికి దగ్గర. కాల్షియం ఆదా చేసినదానిని ఎలక్ట్రానిక్స్ ఖర్చు చేశాయి. ‘ఎర్త్ తియ్’ అన్న పాత మాటకు కొత్త కాలంలో విలువ పెరిగింది.

7. 2020: అనుకోని పరీక్ష

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూతో తెలంగాణలో బస్సులు నిలిచాయి. జిల్లాల్లో మే 19న తిరిగి కదిలాయి. మధ్యలో గడిచిన 58 రోజులు పూర్తిగా ఎండాకాలమే. బడి బస్సుల విరామం మరింత దీర్ఘమైనది. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిదో తరగతి నుంచి పైవారికి తరగతులు మొదలైనా, మార్చి చివరి వారంలో బడులు మళ్లీ మూతబడి సెప్టెంబరు 1న గాని తెరుచుకోలేదు. చలిదేశాల చేతిపుస్తకం ఊహించని ‘ఎండాకాలపు నిల్వ’ను రాష్ట్రమంతా ఒకేసారి అనుభవించింది.

ఆ 58 రోజుల ప్రభావాన్ని ఒక ఉదాహరణ లెక్కతో అర్థం చేసుకోవచ్చు. 25 డిగ్రీల వద్ద రోజుకు 0.3 శాతం కోల్పోయే బ్యాటరీ ఆ కాలంలో సుమారు 17 శాతం కోల్పోతుంది. సగటు 35 డిగ్రీలైతే నష్టం 35 శాతానికి చేరుతుంది. అదనంగా 50 మిల్లీ ఆంపియర్ల నిత్య ఖర్చు ఉంటే దాదాపు 70 ఆంపియర్ గంటలు పోతాయి. 180 ఆంపియర్ గంటల బ్యాటరీలో అది 39 శాతం. రెండూ కలిస్తే నాలుగింట మూడు వంతులు ఖాళీ. తీగ విప్పిన బండికీ విప్పని బండికీ మధ్య తేడా ఇంత. ఒక్క పానాతో ఒక నిమిషంలో అయ్యే పని ఇది.

ఈ లెక్కను సామాజిక స్థాయికి తెస్తే విషాదం కనిపిస్తుంది. డిపో ఉన్న సంస్థకు బ్యాటరీలు చూసే సిబ్బంది ఉన్నారు. అప్పు చేసి ఒక్క ఆటోనో ఒక్క వ్యానునో కొనుక్కున్నవారికి రెండు నెలలు రాబడి లేదు. తిరిగి బండి తీసే నాటికి బ్యాటరీ దిగిపోయి ఉంటే మొదటి సంపాదన రాకముందే మొదటి ఖర్చు ఎదురవుతుంది. దుకాణాలూ మూతబడి ఉండటంతో ఛార్జి పెట్టించుకొనే దారి కూడా ఆ రోజుల్లో లేదు.

8. తరిగిన బ్యాటరీ భారం

నిల్వలో చెడిన బ్యాటరీ ఎక్కడికి పోతుందన్నది చివరి ప్రశ్న. సీసం విలువైన లోహం కనుక పాత బ్యాటరీ వ్యర్థంగా మిగలదు, తూకానికి అమ్ముడవుతుంది. కరిగించే చోట కాపుదల లేకపోతే ఆ పొగ కార్మికుల ఒంట్లోకి, పిల్లలు ఆడుకొనే మట్టిలోకి చేరుతుంది. సీసానికి సురక్షితమైన మోతాదు లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ వైఖరి. భారత ప్రభుత్వం 2001లో బ్యాటరీల నిర్వహణ నియమాలను తెచ్చి, విక్రేతలు పాతవాటిని తిరిగి తీసుకోవాలని నిర్దేశించింది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఉత్పత్తిదారుల బాధ్యతను విస్తరించాయి. ఈ నియమాలన్నీ బ్యాటరీ చనిపోయిన తరువాతి దశను గురించినవి. అకాల మరణాన్ని ఆపే పని చిన్న దుకాణంలో జరుగుతోంది. ఒక బ్యాటరీ మూడేళ్లకు బదులు ఐదేళ్లు పనిచేస్తే, కరిగించవలసిన సీసం ఆ మేరకు తగ్గుతుంది. సంరక్షకుడి ఈ సేవకు ఏ లెక్కలోనూ పద్దు లేదు.

వేసవి నిల్వకు పరిష్కారం కూడా ఇక్కడి ఎండలోనే ఉంది. పది వాట్ల చిన్న సౌర పలక వరంగల్ ఎండలో రోజుకు మూడు ఆంపియర్ గంటల వరకు ఇవ్వగలదు. స్వయం ఉత్సర్గాన్ని, పరికరాల నిత్య ఖర్చును కలిపినా సాధారణంగా ఇది సరిపోతుంది. అతి ఛార్జిని ఆపే చిన్న నియంత్రకం మాత్రం తప్పనిసరి. పలక ఎండలో, బ్యాటరీ నీడలో ఉండాలి. ఏ ఎండ తరిగిస్తోందో ఆ ఎండతోనే నింపే ఈ ఏర్పాటు బడి బస్సులకు, కోత యంత్రాలకు బాగా అనువైనది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ‘శీతకాలపు నిల్వ’ సార్వత్రిక నియమం కాదు. ఒక వాతావరణంలో, ఒక జీవన విధానంలో పుట్టిన నియమం. వరంగల్‌లో ఆ స్థానం రోహిణి కార్తెది. రెండు, బ్యాటరీ ఆయుష్షును రసాయనం ఎంతగా నిర్ణయిస్తుందో యజమాని వెనుక ఉన్న నిర్వహణ వ్యవస్థ కూడా అంతగా నిర్ణయిస్తుంది. రైల్వే యార్డుకు, బస్సు డిపోకు ఉన్న ఆసరా ఒంటరి ట్రాక్టరు యజమానికి ఛార్జింగ్ దుకాణం రూపంలో మాత్రమే దొరికింది. మూడు, ఆ దుకాణపు జ్ఞానంలో నిజమూ పొరపాటూ పాత కాలపు ఆనవాళ్లూ కలగలిసి ఉన్నాయి. వాటిని విడదీసి చూడటం చరిత్రకారుల పని.

వరంగల్‌లో 1959లో నెలకొల్పిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల నేడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా ఉంది. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం చరిత్ర, తెలుగు శాఖల్లో పరిశోధకులను తయారుచేస్తోంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న పేటల్లోని బ్యాటరీ దుకాణాల అనుభవాన్ని సేకరించడం రెండు వైపులవారికీ అందుబాటులో ఉన్న పని. రేడియో ఘటాలు మోసిన తరం, హ్యాండిలు తిప్పి ట్రాక్టరు లేపిన తరం మెల్లగా మరలిపోతున్నాయి. మూతవేసిన బ్యాటరీలు, ఎలక్ట్రిక్ ఆటోల లిథియం పెట్టెలు వచ్చాక హైడ్రోమీటరు గాజుగొట్టం దుకాణపు మూలకు చేరుతోంది. లిథియానికి నిల్వ నియమం వేరు. దానిని సగం ఛార్జితో చల్లని చోట ఉంచడం మేలు. మన ఎండలకు తగిన జాగ్రత్తలను తెలుగులో రాసిపెట్టవలసిన అవసరం దానితో మరొకసారి వచ్చింది. సీసం బ్యాటరీ విషయంలో ఆ పని నోటిమాటగానే మిగిలిపోయింది. కొత్త బ్యాటరీ విషయంలోనైనా అది అక్షరాల్లోకి రావాలి.